పిన్‌బాల్ నుంచి మగ్గం దాకా: పాత మెషీన్‌లో ఎలక్ట్రికల్ ఫాల్ట్ పట్టుకోవడం ఎలా?

విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ మీద స్పేస్ క్యాడెట్ ఆడిన వాళ్లకి పిన్‌బాల్ గురించి చెప్పక్కర్లేదు. ఆ గేమ్ అసలు రూపం నాలుగు కాళ్ల మీద నిలబడే ఒక పెద్ద చెక్క పెట్టె. లోపల కాయిల్స్, స్విచ్‌లు, బల్బులు, వాటన్నిటినీ నడిపించే ఒక బోర్డు ఉంటాయి. బంతి స్విచ్‌కి తగలగానే బోర్డు కాయిల్‌కి కరెంట్ ఇస్తుంది, కాయిల్ ఇనుప కడ్డీని లాగుతుంది, బంతి ఎగిరి పడుతుంది. అలాంటి పాత మెషీన్లు కొని బాగుచేసుకోవడం అమెరికా, యూరప్‌లలో పెద్ద హాబీ.

మన దగ్గర పిన్‌బాల్ మెషీన్ దొరకడం కష్టం. కానీ దాని దగ్గరి చుట్టం ఒకటి మా ఊళ్లో ఉంది. పేరు ఎలక్ట్రానిక్ జకార్డ్. దాంట్లోనూ అవే కాయిల్స్, అవే డ్రైవర్ చిప్‌లు, అదే స్విచ్. పోయే తీరు కూడా ఒకటే. ఈ ఆర్టికల్‌లో ఒక పాత జకార్డ్‌ని మళ్లీ పనిలో పెట్టిన పద్ధతిని స్టెప్ బై స్టెప్ చెప్తాను. ఇది నేర్చుకుంటే పిన్‌బాల్ అయినా, పాత ప్రింటర్ అయినా, 3డీ ప్రింటర్ అయినా ఫాల్ట్ వెతికే లాజిక్ మీ చేతిలో ఉన్నట్టే.

ముందు మెషీన్ గురించి కొంచెం

మాది వనపర్తి జిల్లా అమరచింత. జూరాల ప్రాజెక్టుకి దగ్గర. గద్వాల చీర అంటే అందరికీ గద్వాల పేరే గుర్తొస్తుంది గానీ, ఆ రకం పట్టు చీరలు మా ఊరి మగ్గాల మీద కూడా నేస్తారు. మా మేనమామ ఇంట్లో రెండు గుంట మగ్గాలు ఉన్నాయి. మామ, అత్త ఇద్దరూ నేస్తారు.

చీర అంచు, కొంగు మీద డిజైన్ రావాలంటే పేక నాడె ప్రతిసారి వెళ్లే ముందు కొన్ని పడుగు దారాలు పైకి లేవాలి, మిగతావి కిందే ఉండాలి. ఏవి లేవాలో చెప్పేదే జకార్డ్. 1804లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో జోసెఫ్ మరీ జకార్డ్ దీనికి రంధ్రాల అట్టలు వాడాడు. రంధ్రం ఉంటే కొక్కెం లేస్తుంది, లేకపోతే లేవదు. అంటే ఒకటి, సున్నా. తర్వాత 1890లో అమెరికా జనాభా లెక్కలకి హోలరిత్ వాడిన పంచ్ కార్డులు కూడా ఇదే ఆలోచన మీద నడిచాయి. మన బీటెక్ సబ్జెక్టులకి మగ్గంతో ఇంత చుట్టరికం ఉంది.

ఎలక్ట్రానిక్ జకార్డ్‌లో అట్టలు ఉండవు. డిజైన్ పెన్‌డ్రైవ్‌లో ఫైల్‌గా ఉంటుంది. మామ సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న మెషీన్‌కి 240 కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక కాయిల్. కాయిల్‌కి కరెంట్ వస్తే ఆ కొక్కెం సెలెక్ట్ అవుతుంది, మోటారు దాన్ని పైకి లేపుతుంది. బోర్డు మీద 30 షిఫ్ట్ రిజిస్టర్లు, వాటి వెనకాల 30 యూఎల్ఎన్ 2803 డ్రైవర్ చిప్‌లు ఉన్నాయి. ఒక్కో చిప్ 8 కాయిల్స్‌ని నడుపుతుంది. 30 ఇంటూ 8, మొత్తం 240. కాయిల్ రెసిస్టెన్స్ 600 ఓమ్‌లు, సప్లై 24 వోల్టులు. అంటే ఒక్కో కాయిల్ 40 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. 240 ఒకేసారి ఆన్ అయితే 9.6 ఆంపియర్లు. అందుకే దాంట్లో 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ పెట్టారు. ఈ లెక్క ముందే వేసి పెట్టుకోండి, తర్వాత చాలా పనికొస్తుంది.

నేను సెలవుల్లో వెళ్లేసరికి మగ్గం మీద సగం నేసిన పెళ్లి చీర ఉంది. డిజైన్‌లో తప్పు పడినప్పుడల్లా పేక ఊడదీసి మళ్లీ నేయాలి. ఊడదీసిన ప్రతిసారీ పట్టు దారం నూగు లేస్తుంది, బలం తగ్గుతుంది. నేతపనిలో చీర పూర్తయితేనే కూలి. మెషీన్ మొండికేస్తే ఆ రోజు సంపాదన లేనట్టే. "ఇంక చాలు అల్లుడా, పాత సామాన్లోనికి ఏసి అట్టలే కట్టుకుంటా" అన్నాడు మామ. అత్త కంప్లైంట్ వేరే. "డిజైన్ సంగతి తర్వాత, ముట్టుకుంటే జుమ్మంటుంది రా ఇది."

అత్త చెప్పిందే ముందు చూడాలి. ఎందుకో చూడండి.

స్టెప్ 1: ముందు ప్రాణం, తర్వాత ఫాల్ట్

గుంట మగ్గంలో నేసేవాళ్లు కాళ్లు గుంతలో పెట్టి కూర్చుంటారు. దారం తెగకుండా గదిలో కొంచెం తేమ ఉంచుతారు. అంటే తడి నేల, వట్టి కాళ్లు, ముందు ఇనుప ఫ్రేమ్. షాక్ కొట్టడానికి ఇంతకన్నా ప్రమాదకరమైన సెటప్ ఉండదు.

ప్లగ్ చూస్తే రెండు పిన్నులే ఉన్నాయి. ఎర్త్ వైర్ లేదు. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టేజ్‌లో పెట్టి, ఫ్రేమ్‌కీ బయట నేలలో దిగిన ఇనుప పైపుకీ మధ్య కొలిస్తే 100 వోల్టులు దాటింది. ఎస్ఎంపీఎస్ లోపల నాయిస్ ఫిల్టర్ కోసం ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ దాదాపు సగం వోల్టేజ్‌లో తేలుతుంది. మెటల్ బాడీ ల్యాప్‌టాప్‌ని రెండు పిన్నుల చార్జర్‌తో పెట్టినప్పుడు చేతికి సన్నగా జివ్వుమంటుందే, అదే ఇది. ఆ లీకేజీ కరెంట్ చాలా తక్కువ. కానీ అదే ఫ్రేమ్‌కి రేపు మోటారు వైర్ తోలు ఊడి తగిలితే 230 వోల్టులు పూర్తిగా వస్తాయి. అప్పుడు కూడా "అది రోజూ జుమ్మనేదే కదా" అనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడుంది.

ఈ పని యూట్యూబ్ చూసి చేసేది కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ గుంత తీయించాం, మూడు పిన్నుల ప్లగ్ పెట్టించాం, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించాం. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కాలి. అది పరీక్షించేది ఆ డివైస్‌నే, మీ ఎర్తింగ్‌ని కాదు. ఎర్తింగ్ విడిగా చెక్ చేయించాల్సిందే.

ఇంకో రూల్: ఎస్ఎంపీఎస్ కవర్ విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ తీసినా కాసేపు నిలిచి ఉంటుంది. మనకి కావాల్సిన కొలతలన్నీ బయటి టెర్మినల్స్ మీదే దొరుకుతాయి.

స్టెప్ 2: లాగ్ ఫైల్ చదవండి. ఇక్కడ అది చీరే

మనం కోడ్ డీబగ్ చేసేటప్పుడు ముందు లాగ్ చూస్తాం. జకార్డ్‌కి కూడా లాగ్ ఉంది, బట్ట రూపంలో. ప్రతి అడ్డ వరస, అంటే ప్రతి పేక, ఒక టైమ్‌స్టాంప్. ప్రతి నిలువు గీత ఒక కొక్కెం.

నిలువుగా ఒకే చోట తప్పు కొనసాగుతుంటే ఒక కొక్కెం, లేదా దాని కాయిల్, లేదా డ్రైవర్ తేడా చేస్తోంది. అడ్డంగా ఒక వరస మొత్తం చెడిపోతే ఆ క్షణంలో సప్లై పడిపోయింది, లేదా డేటా తప్పింది. పువ్వు ఆకారం పొట్టిగా వస్తే వరసలు జంప్ అవుతున్నాయి.

పిన్‌బాల్‌లోనూ ఇంతే. పాత మెషీన్లలో స్విచ్‌లని 8 అడ్డ వరసలు, 8 నిలువు వరసల మ్యాట్రిక్స్‌గా కలుపుతారు. ఒక్క స్విచ్ పోతే స్విచ్‌ని చూడాలి, వరస మొత్తం పోతే దాన్ని నడిపే చిప్‌నో కనెక్టర్‌నో చూడాలి. తప్పు ఏ ఆకారంలో ఉందో చూస్తే కారణం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది.

మామ చీరలో మూడు రకాల తప్పులూ ఉన్నాయి: ఒక నిలువు గీత, అక్కడక్కడా పాడైన అడ్డ వరసలు, కొన్ని పొట్టి పువ్వులు. అంటే కనీసం మూడు ఫాల్ట్‌లు ఉండొచ్చు. ఒకటే కారణం అని ముందే ఫిక్స్ అవ్వొద్దు.

స్టెప్ 3: సప్లైని లోడ్ మీద కొలవండి

ఖాళీగా ఉన్నప్పుడు 24.1 వోల్టులు చూపించింది. ఇక్కడే చాలామంది "సప్లై ఓకే" అని ముందుకెళ్లిపోతారు. కానీ ఫుల్ చార్జ్ చూపించి కెమెరా ఓపెన్ చేయగానే ఆఫ్ అయ్యే ఫోన్ మీరు చూసే ఉంటారు. లోడ్ లేకుండా కొలిచిన వోల్టేజ్‌ని నమ్మకూడదు.

పెన్‌డ్రైవ్‌లో 150 కొక్కేలు ఒకేసారి సెలెక్ట్ అయ్యే టెస్ట్ డిజైన్ పెట్టాను. 150 ఇంటూ 40 మిల్లీఆంపియర్లు, అంటే 6 ఆంపియర్లు. అప్పుడు ఎస్ఎంపీఎస్ టెర్మినల్ దగ్గర 23.9 వోల్టులు, బోర్డు దగ్గర 21.2. మధ్యలో 2.7 వోల్టులు మాయం. ఎస్ఎంపీఎస్ బాగానే ఉంది, దారిలోనే లోపం ఉంది. 2.7 ఇంటూ 6 చేస్తే 16 వాట్ల వేడి. అది ఎక్కడో ఒకచోట పుడుతూ ఉండాలి కదా? పవర్ ఆపి బోర్డు కనెక్టర్ పీకితే ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారి ఉంది, పిన్ను వదులైంది. పాత పిన్‌బాల్ బోర్డుల్లోనూ కాలిన కనెక్టర్లు చాలా కామన్.

కొత్త కనెక్టర్, కాస్త మందం వైర్ వేశాక అదే లోడ్‌లో బోర్డు దగ్గర 23.7 వచ్చింది. ఎక్కువ కొక్కేలు లేవాల్సిన వరసల్లో కాయిల్స్‌కి బలం చాలక అడ్డ వరసలు పాడవుతున్నాయి. ఆ తప్పు ఇక్కడితో పోయింది.

అదే బోర్డు మీద ఫ్యూజ్ చోట ఒక రాగి తీగ చుట్టి ఉంది. ఎప్పుడో కరెంట్ మెకానిక్ ఒకాయన చేసిన జుగాడ్ అట. ఫ్యూజ్ పక్కన రాసున్న రేటింగ్‌కి సరిపోయే ఫ్యూజే వేయాలి. రేటింగ్ పెంచితే ఫ్యూజ్ బదులు ఇంకేదో కాలుతుంది.

స్టెప్ 4: యూనిట్ టెస్ట్ రాయండి

ఇప్పుడు నిలువు గీత సంగతి. 240 పిక్సెళ్ల వెడల్పు, 240 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ఒక డిజైన్ గీశాను. అందులో మూల నుంచి మూలకి ఒకే ఏటవాలు గీత. అంటే మొదటి వరసలో 1వ కొక్కెం మాత్రమే, రెండో వరసలో 2వ కొక్కెం మాత్రమే, అలా చివరిదాకా. నాడె వేయకుండా మెషీన్‌ని 240 సార్లు ఎత్తి దించుతూ పైనుంచి వీడియో తీయండి. తర్వాత స్లోగా చూడండి. ఫలితాన్ని ఇలా చదవాలి:

ఒక్క కొక్కెం అసలు లేవకపోతే ఆ కాయిల్ గానీ దాని వైర్ గానీ తెగింది. వరసగా 8 కొక్కేలు లేవకపోతే ఆ డ్రైవర్ చిప్ లేదా దాని కనెక్టర్. ఒక నంబర్ నుంచి చివరిదాకా అన్నీ పిచ్చిగా లేస్తుంటే ఆ చోట షిఫ్ట్ రిజిస్టర్ గొలుసు తెగింది, ఎందుకంటే డేటా ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కి అందుకుంటూ పోతుంది. ఒక కొక్కెం ఎప్పుడూ లేస్తూనే ఉంటే దాని డ్రైవర్ షార్ట్ అయి ఉండొచ్చు.

మాకు వచ్చింది చివరిది. 51వ కొక్కెం ప్రతి వరసలోనూ లేస్తోంది. 49 నుంచి 56 దాకా 7వ చిప్ కిందకి వస్తాయి కాబట్టి ఇది 7వ చిప్ మూడో అవుట్‌పుట్. అనుమానం తీరడానికి స్వాప్ టెస్ట్ చేయండి. పవర్ ఆపి 7వ, 8వ కాయిల్ ప్లగ్‌లని అటుదిటు మార్చండి. తప్పు 59వ కొక్కేనికి వెళ్తే బోర్డు దోషం, 51 దగ్గరే ఉంటే కాయిల్ వైపు దోషం. మాది 59కి వెళ్లింది. ప్లగ్ పీకి ఆ అవుట్‌పుట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య కొలిస్తే 4 ఓమ్‌లు. పక్క అవుట్‌పుట్‌లకి మీటర్ ఓపెన్ చూపించింది. చిప్ లోపల ట్రాన్సిస్టర్ షార్ట్.

స్టెప్ 5: చిప్ మార్చడం రిపేర్ కాదు, ఎందుకు పోయిందో తెలియాలి

ఇది ఈ ఆర్టికల్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన పాయింట్. 30 చిప్‌లలో ఈ ఒక్కదాని చుట్టూనే సోల్డరింగ్ మరకలున్నాయి. మామని అడిగితే "దీన్ని ఇంతకు ముందే రెండుసార్లు మార్పిచ్చిన" అన్నాడు. ఒకే చోట మూడోసారి చిప్ పోయిందంటే తప్పు చిప్‌ది కాదు.

కాయిల్‌లో పారుతున్న కరెంట్‌ని ఒక్కసారిగా ఆపితే అది ఆగనని మొండికేస్తుంది. బోరు మోటారు ఆపగానే పైపులో ధడ్ మని శబ్దం వస్తుంది చూడండి, నీళ్లు ఒక్కసారిగా ఆగినందుకు. అలాగే కాయిల్ కూడా ఒక్క క్షణం పెద్ద వోల్టేజ్ పుట్టిస్తుంది. యూఎల్ఎన్ 2803 తట్టుకునేది 50 వోల్టులే. అందుకే ఆ చిప్ లోపల ప్రతి అవుట్‌పుట్‌కీ ఒక డయోడ్ ఉంటుంది. ఆ డయోడ్‌లన్నీ 10వ పిన్ను దగ్గర కలుస్తాయి. ఆ పిన్ను 24 వోల్టుల లైన్‌కి కలిసి ఉంటేనే ఆ దెబ్బ పక్కకి మళ్లి చల్లారుతుంది. పిన్‌బాల్‌లో ఈ పని చాలాసార్లు కాయిల్ మీదే సోల్డర్ చేసిన చిన్న డయోడ్ చేస్తుంది. అది ఊడిపోతే డ్రైవర్ ట్రాన్సిస్టర్ పోతుంది, కొత్తది వేసినా మళ్లీ పోతుంది.

పవర్ ఆపి, మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, ఒక్కో చిప్ 10వ పిన్ను నుంచి 24 వోల్టుల లైన్‌కి చూశాను. 29 చిప్‌లకి బీప్ వచ్చింది. 7వ దానికి రాలేదు. మొబైల్ ఫ్లాష్ పక్కనుంచి వేసి చూస్తే బోర్డు స్క్రూ దగ్గర వెంట్రుక అంత పగులు, రాగి గీత అక్కడ తెగింది. రోజూ వేల సార్లు అదిరే మెషీన్‌లో ఇది మామూలే. పగులుని దాటించి ఒక జంపర్ వైర్ వేశాం, చిప్‌కి సాకెట్ పెట్టాం. బోర్డు కింద రబ్బరు వాషర్లు వేశాం.

ఎవరైనా "ఈ పార్ట్ పదేపదే పోతోంది" అంటే ఆ పార్ట్‌ని కాదు, దాన్ని కాపాడాల్సిన దాన్ని వెతకండి.

స్టెప్ 6: ఒకసారికి ఒకటే మార్చండి

ఇక పొట్టి పువ్వులు. మెషీన్ ఒకసారి ఎత్తినప్పుడు సెన్సార్ ఒక పల్స్ పంపుతుంది, కంట్రోలర్ తర్వాతి వరసకి వెళ్తుంది. నూలు లేకుండా సరిగ్గా 100 సార్లు ఎత్తితే కౌంటర్ 103 చూపించింది. మూడు దొంగ పల్స్‌లు.

మోటారు ప్లగ్ తీసి చక్రాన్ని చేత్తో తిప్పుతూ 100 సార్లు ఎత్తాం. కౌంటర్ 100. అంటే సెన్సార్ బాగానే ఉంది, మోటారు స్విచ్ తెరుచుకునేటప్పుడు వచ్చే స్పార్క్ నాయిస్ సెన్సార్ వైర్‌లోకి దూకుతోంది. రెండు వైర్లూ ఒకే టేపుతో చుట్టి ఉన్నాయి మరి! వాటిని విడదీసి దూరంగా లాగితే 101 వచ్చింది. తర్వాత సెన్సార్‌కి షీల్డ్ ఉన్న కేబుల్ వేసి, షీల్డ్‌ని ఒక చివర మాత్రమే గ్రౌండ్ చేశాం. మళ్లీ 101. తర్వాత ఎలక్ట్రీషియన్ చేత మోటారు స్విచ్ కాంటాక్టులకి స్నబ్బర్ పెట్టించాం, అంటే రెసిస్టర్, మెయిన్స్ మీద వాడదగ్గ ఎక్స్2 రకం కెపాసిటర్ సిరీస్‌లో. మూడుసార్లు టెస్ట్ చేస్తే మూడుసార్లూ 100.

అన్నీ ఒకేసారి మార్చి ఉంటే కూడా 100 వచ్చేది. కానీ ఏది పనిచేసిందో తెలిసేది కాదు. రేపు మళ్లీ దొంగ పల్స్ వస్తే ముందు స్నబ్బర్ చూడాలని ఇప్పుడు మామకి తెలుసు.

చివరిగా, బోర్డు మీద, స్విచ్‌ల మధ్య పేరుకున్న దూదిని పెయింట్ బ్రష్‌తో దులిపాం. నేత ఇంట్లో దూది, గంజి పొడి తప్పవు. నోటితో ఊదొద్దు, తేమ పోతుంది లోపలికి. వారానికోసారి పొడి బ్రష్ చాలు.

ఖర్చు, ఫలితం

చిప్, సాకెట్, కనెక్టర్, ఫ్యూజ్, కేబుల్, స్నబ్బర్ కలిపి 600 రూపాయలు దాటలేదు. ఎర్తింగ్, ఆర్‌సీసీబీకి దానికి చాలా రెట్లు అయింది. అయినా రెండిట్లో ఒకటే చేయమంటే నేను ఎర్తింగే చేయిస్తా. టూల్స్ అంటే వెయ్యి రూపాయల లోపు మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, ఒక నోట్‌బుక్. ఆసిలోస్కోప్ అవసరం రాలేదు.

నోట్‌బుక్‌ని మాత్రం తక్కువ చేయొద్దు. ప్రతి కొలతా తేదీతో రాసి మామకిచ్చాను. బోర్డు మీద 1 నుంచి 30 దాకా చిప్‌లకి నంబర్లు అతికించాం. ఏటవాలు టెస్ట్ డిజైన్ పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. ఇప్పుడు తప్పు వస్తే మామ దాన్ని వేసి చూసి, "అల్లుడా, పన్నెండో చిప్పు, నాలుగోది" అని ఫోన్‌లో చెప్పగలడు. నేను హైదరాబాద్ నుంచి పరిగెత్తాల్సిన పనిలేదు.

ఇలాంటి మెషీన్లు ఇంజనీర్లు మాత్రమే అర్థం చేసుకోగలరని అనుకోవద్దు. లక్ష్మీ ఆసు మెషీన్‌ని 1999లో తయారుచేసిన చింతకింది మల్లేశం ఆలేరు దగ్గరి నేత కుటుంబం నుంచి వచ్చినవారు, ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. ఆసు పోసి పోసి భుజాలు నొప్పి పుట్టిన తల్లి కోసం దాన్ని చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మెషీన్‌తో రోజూ కూర్చునే వాళ్లకే దాని శబ్దం, దాని తిక్క తెలుస్తాయి. మనం చేయాల్సింది వాళ్లు చెప్పేది విని దాన్ని కొలతల్లోకి మార్చడం. అత్త "జుమ్మంటుంది" అన్నది బగ్ రిపోర్టే. మామ "దీన్ని రెండుసార్లు మార్పిచ్చిన" అన్నది అసలు క్లూ.

మీ ఇంట్లో మూలన పడున్న పాత యాంప్లిఫైయరో, కుట్టు మెషీన్ మోటారో, స్టెబిలైజరో ఉంటే ఈ వరసలోనే వెళ్లండి: ముందు ఎర్త్, తర్వాత తప్పు ఏ ఆకారంలో ఉందో చూడటం, లోడ్ మీద సప్లై, ఒక్కోదాన్ని విడిగా టెస్ట్, పోయిన పార్ట్‌కి అసలు కారణం, ఒకసారికి ఒకే మార్పు. తొందరపడి పార్ట్‌లు కొనకండి. ముందు మీటర్ తీయండి.